ఏడు ఊళ్ళు, అయిదు సెంట్లు: ఈస్ట్ బే ఉమ్మడి పార్కుల కథ

కిందటి ఎపిసోడ్ తర్వాత చాలామంది అడిగారు, "మీరు అమెరికాలో మీ అమ్మాయి దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చారు కదా, అక్కడి చరిత్ర ఏదైనా చెప్పండి" అని. నాకు అక్కడి యుద్ధాల కంటే, అధ్యక్షుల కంటే ఎక్కువగా పట్టుకున్న సంగతి ఒకటుంది. వినడానికి చాలా చిన్న విషయం. పార్కులు. అవును, మీరు సరిగ్గానే విన్నారు, పార్కులే.

మా అమ్మాయి వాళ్ళు ఉండేది కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో. మన తెలుగువాళ్ళు బాగా ఉన్న ఊరు. మా అల్లుడు శని, ఆదివారాల్లో నన్ను కొయొటీ హిల్స్ అనే చోటికి నడకకి తీసుకెళ్ళేవాడు. ఒకవైపు సముద్రపు పాయ, ఒకవైపు తుంగ పెరిగిన చిత్తడి నేల, మధ్యలో చిన్న చిన్న గుట్టలు. ఓలోనీ అనే మూలవాసుల పాత ఊరి దిబ్బ కూడా ఆ పార్కులోనే ఉంది. వేల ఏళ్ళు వాళ్ళు బతికిన నేల అది. మనం చెప్పుకోబోయే "ఎవరి భూమి, ఎవరు కొన్నారు" అనే లెక్కలన్నీ వాళ్ళ చేతిలోంచి భూమి పోయాక మొదలైన లెక్కలే. ఆ మాట ముందే అనేసుకుని కథలోకి వెళదాం.

ఒకరోజు నేను, "మీ మునిసిపాలిటీ వాళ్ళు పార్కు బాగా పెట్టారయ్యా" అన్నాను. "ఇది మా మునిసిపాలిటీది కాదు మామయ్యగారూ" అన్నాడు. "మరి రాష్ట్ర ప్రభుత్వానిదా?" "కాదు." "కేంద్రానిదా?" "అదీ కాదు." ఇంటికొచ్చాక వాళ్ళ ఇంటిపన్ను కాగితం తీసి చూపించాడు. అందులో రకరకాల వరసలున్నాయి. ఒకచోట ఈస్ట్ బే రీజనల్ పార్క్ అని ఉంది, పక్కన కొద్దిపాటి డాలర్లు. ఆ పార్కు అదిగో ఆ వరసది అన్నమాట. దానిపేరు ఈస్ట్ బే రీజనల్ పార్క్ డిస్ట్రిక్ట్. డిస్ట్రిక్ట్ అన్నానని మన కలెక్టరుగారి జిల్లా అనుకోకండి. ఇది ఒకే ఒక్క పనికోసం పుట్టిన చిన్న ప్రభుత్వం. దానికి వేరే ఎన్నికైన బోర్డు, వేరే పన్ను, ఊళ్ళ సరిహద్దులు దాటిపోయే వేరే హద్దు.

మనకో సామెత ఉంది, ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని. నలుగురిదీ అయినది ఎవరికీ పట్టదని మన అనుభవం. మరి పక్కపక్క ఊళ్ళు, అదీ ఒకరంటే ఒకరికి పెద్దగా పడని ఊళ్ళు, కలిసి పన్ను వేసుకుని ఉమ్మడిగా అడవులూ కొండలూ ఎలా కొన్నాయి? అదీ దేశమంతా దివాలా తీసిన సమయంలో? నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది.

ముందు ఈ కథకి నీళ్ళతో సంబంధం చెప్పాలి. శాన్ ఫ్రాన్సిస్కోకి ఎదురుగా, సముద్రపు పాయకి తూర్పున ఓక్లాండ్, బర్క్‌లీ లాంటి ఊళ్ళున్నాయి. వాటికి వెనకాల కొండల వరస. ఊళ్ళకి తాగునీళ్ళు ఆ కొండల్లో పడిన వాన నుంచే రావాలి. పందొమ్మిదో శతాబ్దంలో ఆంథొనీ షాబో అనే ఆయన టెమెస్కల్ వాగుకి అడ్డంగా కట్ట కట్టి ఓక్లాండ్‌కి నీళ్ళిచ్చాడు. ఆ తర్వాత ప్రైవేటు నీటి కంపెనీలు ఒకదాన్నొకటి మింగుతూ వచ్చాయి. నీళ్ళు శుభ్రంగా ఉండాలంటే చెరువులోకి వాన దిగే కొండంతా చేతిలో ఉండాలి కదా, అందుకని ఆ కంపెనీలు కొండలకి కొండలే కొనిపెట్టుకున్నాయి. జనం పెరిగారు, కరువులొచ్చాయి, నీళ్ళు చాలలేదు. చివరికి 1923లో ఊళ్ళు ఓటు వేసి ఒక ఉమ్మడి నీటి సంస్థ పెట్టుకున్నాయి. ఈస్ట్ బే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ అని దానిపేరు. వాళ్ళు తొంభై మైళ్ళ అవతల, సియెరా పర్వతాల నుంచి దిగే మొకెలమి నది మీద పార్డీ డామ్ కట్టి, 1929లో గొట్టాల్లో నీళ్ళు తెచ్చారు. మధ్యలో 1928లో పాత ప్రైవేటు కంపెనీని కూడా కొనేశారు. కంపెనీతో పాటు దాని భూములూ వచ్చాయి. సుమారు 40,000 ఎకరాలు.

ఇప్పుడు చూడండి చిక్కు. దూరం నుంచి మంచినీళ్ళు వచ్చేశాయి. ఇక ఈ కొండల్లో కొంత భాగం నీటి సంస్థకి అక్కర్లేదు. దాదాపు 10,000 ఎకరాలు మిగులు అని తేలింది. మిగులు భూమి అనగానే ఎవరెవరికి చెవులు నిక్కబొడుచుకుంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ నాకు మన హైదరాబాద్ గుర్తొచ్చింది. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఉన్నాయి కదా. వాటి చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలకి ఆంక్షలు పెడుతూ 1996లో జీవో 111 వచ్చింది. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తామన్నప్పుడు చెప్పిన కారణం ఏమిటి? నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్ళు వస్తున్నాయి, ఈ జంట జలాశయాల మీద ఆధారం పోయిందని. రెండూ ఒకటి కాదు లెండి. మన దగ్గర అవి రైతుల పట్టా భూములు, ఆంక్షల వల్ల నష్టపోయామన్న వాళ్ళ బాధ వేరే ఉంది. అక్కడ భూమంతా నీటి సంస్థ చేతిలోనే ఉంది. కానీ ప్రశ్న మాత్రం అదే. దూరం నుంచి నీళ్ళొచ్చాక, నీటికోసం కాపాడిన పచ్చటి నేలని ఏం చేయాలి?

సరే, కథలోకి వద్దాం. 1928లో రాబర్ట్ సిబ్లీ అనే విశ్వవిద్యాలయం ఆయన, హోలిస్ థాంప్సన్ అనే బర్క్‌లీ నగర మేనేజరు, ఇద్దరూ కలిసి వైల్డ్‌క్యాట్ కాన్యన్ మీది గట్టు వెంబడి నడకకి వెళ్ళారు. పైన నిలబడితే ఇటు సముద్రపు పాయ, అటు పసిడి రంగు గడ్డి కొండలు. ఈ భూమి అమ్మకానికి రాకముందే ఏదో ఒకటి చేయాలనుకున్నారు. ఊళ్ళల్లో ఉన్న పార్కు ప్రేమికుల్ని పోగుచేశారు. విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ పాలన విభాగం చూసే శామ్యూల్ మే తోడయ్యాడు. ఊరికే ఉపన్యాసాలిస్తే ఎవరూ వినరు కాబట్టి ఒక సర్వే చేయించారు. చేసినవాళ్ళు ఆషామాషీ మనుషులు కాదు. పార్కుల రూపకల్పనలో అమెరికాలో తిరుగులేని పేరున్న ఓమ్‌స్టెడ్ బ్రదర్స్ సంస్థ, జాతీయ పార్కుల సంస్థకి చెందిన ఆన్సెల్ హాల్. 1930లో నివేదిక వచ్చింది. కొండల వెంబడి 22 మైళ్ళ పొడవున పార్కుల గొలుసు ఒకటి ఉండాలి, ఏ ఊరివాడైనా తన ఊరి వెనకాల గొలుసులోకి అడుగుపెట్టగలగాలి అని.

వాళ్ళు మొదట అడిగింది నీటి సంస్థనే. "భూమి మీది, ఊళ్ళన్నీ మీలోనే ఉన్నాయి, మీరే పార్కులు నడపండి" అని. నీటి సంస్థ ఒప్పుకోలేదు. దాని అధ్యక్షుడు జార్జ్ పార్డీ. కంటి డాక్టరు, ఒకప్పటి ఓక్లాండ్ మేయరు, ఆపైన కాలిఫోర్నియా గవర్నరు కూడా చేశాడు. డామ్ పేరు ఆయనదే. పార్కుల చరిత్రలు చదివితే ఈయన కాస్త మొండివాడిలా కనబడతాడు. నాకు మాత్రం ఆ సంస్థ వాదన కొట్టిపారేసేది కాదనిపిస్తుంది. జనం డబ్బు కట్టింది నీళ్ళకోసం. నీళ్ళ డబ్బుతో పార్కులు పెడితే రేపు ఎవరైనా లెక్క అడిగితే ఏం చెప్పాలి? మన దగ్గర ఒక పద్దు డబ్బు ఇంకో పద్దులోకి ఎంత సులువుగా జారిపోతుందో చూసినవాణ్ణి కాబట్టి ఈ మాట అంటున్నాను.

1931 జనవరిలో ఓక్లాండ్‌లో పెద్ద సభ పెట్టారు. వెయ్యిమందికి పైగా వచ్చారు. అయినా నీటి సంస్థ కదల్లేదు. అప్పుడు పార్కులవాళ్ళు ఇంకో దారి వెతికారు. మీరు చేయకపోతే పార్కుల కోసమే ఒక కొత్త సంస్థ పుట్టిస్తాం అన్నారు. అలాంటి సంస్థ పెట్టడానికి చట్టమే లేదు. దాంతో రాష్ట్ర శాసనసభకి వెళ్ళి చట్టం చేయించారు. 1933 ఆగస్టులో గవర్నర్ జేమ్స్ రాల్ఫ్ సంతకం పెట్టాడు.

ఈ ఆలోచన ఆకాశంలోంచి ఊడిపడలేదు. నలభై ఏళ్ళ ముందే, 1893లో, బోస్టన్ చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్ళకి కలిపి ఒక పార్క్ కమిషన్ ఏర్పడింది. చార్ల్స్ ఎలియట్ అనే యువ ఉద్యాన రూపశిల్పి, సిల్వెస్టర్ బాక్స్‌టర్ అనే పత్రికా రచయిత దాని వెనకాల ఉన్నారు. అక్కడ రాష్ట్రం అప్పు తెచ్చి భూమి కొనేది, ఆ అప్పుని ఏ ఊరు ఎంత తీర్చాలో తర్వాత వాటాలు వేసేవారు. వాటాలు అనగానే పేచీలు. ఈస్ట్ బే వాళ్ళ పద్ధతి వేరు. ఊళ్ళకి వాటాలు లేవు. హద్దులోపల ఏ ఊళ్ళో ఇల్లున్నా ఒకటే రేటు. నూరు డాలర్ల ఆస్తి విలువకి అయిదు సెంట్లు. మూడు వేల డాలర్ల విలువ కట్టిన ఇల్లయితే ఏడాదికి డాలరున్నర. డబ్బు ఊరి ఖజానాలోకి వెళ్ళదు, నేరుగా పార్కుల సంస్థకే. దాంతో "మీ ఊరు ఎంత ఇచ్చింది, మా ఊరికి ఎంత వచ్చింది" అని మేయర్లు కూర్చుని లెక్కలు తీసే అవకాశమే లేకుండా పోయింది. నా లెక్క ప్రకారం ఈ కథలో కీలకం ఇక్కడుంది.

ఎందుకంటే ఆ ఊళ్ళ సంగతి చూడండి. ఓక్లాండ్ పెద్దన్న. బర్క్‌లీ చదువుకున్నవాళ్ళ ఊరు, పెద్దన్నలో కలవడానికి ససేమిరా అంది. పీడ్‌మాంట్ డబ్బున్నవాళ్ళ చిన్న ఊరు, నాలుగు వైపులా ఓక్లాండే ఉన్నా 1907లో విడిగా మునిసిపాలిటీ పెట్టుకుంది. ఎమరీవిల్ కార్ఖానాల ఊరు. అలమీడా ఒక దీవి, కొండ అనేదే లేదు. ఆల్బనీ, శాన్ లియాండ్రో. ఇవీ ఏడు. ఎవరి కుంపటి వాళ్ళదే. ఒకే నగరంగా కలిసిపొమ్మంటే ఒప్పుకోని ఊళ్ళు, ఒక్క పనికి మాత్రం కలవమంటే కలిశాయి.

కాదు, కాదు. నేను తొందరపడ్డాను. ఇంకా ఓటు పడలేదు కదా. 1934 అంటే ఏమిటో గుర్తు చేసుకోండి. మహా మాంద్యం. ఆ ఏడాది జూలైలోనే శాన్ ఫ్రాన్సిస్కోలో రేవు కార్మికుల గొడవ ముదిరి సార్వత్రిక సమ్మె దాకా వెళ్ళింది, ఓక్లాండ్ దాకా ఆ సెగ తగిలింది. నవంబరు 6న ఎన్నికలు. అప్టన్ సింక్లెయిర్ అనే నవలా రచయిత కాలిఫోర్నియాలో పేదరికం లేకుండా చేస్తానని గవర్నరు పదవికి నిలబడి ఓడిపోయిన ఎన్నిక అది. అదే రోజు, అదే జనం ముందు ఇంకో ప్రశ్న: పార్కుల కోసం కొత్త పన్ను మీ మీద మీరే వేసుకుంటారా?

వేసుకున్నారు. ఒకరు వద్దంటే రెండున్నర మంది కావాలన్నారు. సుమారు 71 శాతం. ఉద్యోగాలు లేని రోజుల్లో! పార్కులు పెడితే పని దొరుకుతుందన్న ఆశ కూడా ఉండి ఉండాలి. అది తప్పేమీ కాదు, నిజంగా దొరికింది కూడా.

మొదటి బోర్డులో అయిదుగురు. చార్ల్స్ లీ టిల్డెన్, వ్యాపారి, న్యాయవాది. ఆరీలియా రైన్‌హార్ట్, మిల్స్ మహిళా కళాశాల అధ్యక్షురాలు. ఆగస్ట్ వోల్మర్, బర్క్‌లీ పోలీసు అధిపతిగా పేరు తెచ్చుకున్నవాడు. లెరాయ్ గుడ్‌రిచ్ అనే వకీలు. టామీ రాబర్ట్స్ అనే కార్మిక నాయకుడు. ఒక కోటీశ్వరుణ్ణీ, ఒక కార్మిక నాయకుణ్ణీ, ఒక పోలీసునీ ఒకే బల్లచుట్టూ కూర్చోబెట్టి పార్కుల గురించి మాట్లాడించారంటే, సార్వత్రిక సమ్మె జరిగిన ఆ ఏడాదిలో అది చిన్న విషయం కాదు.

పన్ను వచ్చింది, భూమి ఇంకా నీటి సంస్థ దగ్గరే ఉంది. ఈసారి బేరం ధర మీద. 1936 జూన్‌లో కుదిరింది. సుమారు 2,160 ఎకరాలు, దాదాపు 6 లక్షల 56 వేల డాలర్లు. అడిగిన పదివేల ఎకరాల్లో అది అయిదో వంతు. మూడు ముక్కలు: వైల్డ్‌క్యాట్ కాన్యన్ పై భాగం, టెమెస్కల్ చెరువు, రౌండ్‌టాప్ కొండ. మొదటిది తర్వాత టిల్డెన్ పార్కయింది, మూడోది సిబ్లీ పేరు పెట్టుకుంది. ఆ నవంబరులోనే శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఓక్లాండ్‌కి బే బ్రిడ్జి తెరిచారు. మరుసటేడు కొండల కింద నుంచి సొరంగం తెరిచారు. అంటే కొండ అవతలి భూమి ధరలకి రెక్కలు రాబోయే ముందు వీళ్ళు బేరం ముగించారు. ఒక్క నాలుగేళ్ళు ఆగి ఉంటే ఆ అయిదు సెంట్లకి ఏమొచ్చేదో ఊహించుకోండి.

పార్కుల్ని తీర్చిదిద్దింది మాత్రం కేంద్రం డబ్బు. రూజ్వెల్ట్ పెట్టిన ఉపాధి పథకాలు, సీసీసీ కుర్రాళ్ళ శిబిరాలు, డబ్ల్యూపీఏ రాతి పని. మన ఉపాధి హామీ లాంటివనుకోండి, కాకపోతే రాతిగోడలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే వింతగా తోచిన సంగతి. టిల్డెన్ పార్కు ఎక్కువ భాగం ఉన్నది ఏ కౌంటీలో తెలుసా? కాంట్రా కోస్టాలో. ఆ కౌంటీ ఈ సంస్థలో చేరనే లేదు. అక్కడ రైతులెక్కువ. పన్ను మాకెందుకు, మా చుట్టూ ఉన్నదంతా పార్కేగా అనుకునే మనుషులు. అక్కడి పెద్దలు ఈ విషయాన్ని ఓటుకే పెట్టలేదు. ఏడు ఊళ్ళూ పక్కనున్న అలమీడా కౌంటీవి. అంటే వీళ్ళు తమ మీద పన్ను వేసుకుని, తమతో కలవనన్నవాళ్ళ నేలమీద పార్కు కొన్నారు. గేటు దగ్గర నిలబడి "నువ్వు పన్ను కట్టావా" అని ఎవరినీ అడగలేదు. కాంట్రా కోస్టా పిల్లలు ముప్పై ఏళ్ళపాటు అక్కడ ఆడుకున్నారు.

ఆ ముప్పై ఏళ్ళలో ఏమయిందంటే, రైతుల కౌంటీ కాస్తా ఇళ్ళ కౌంటీ అయింది. వాల్‌నట్ తోటలు పోయి కాలనీలు వచ్చాయి. అప్పుడు తెలిసొచ్చింది, చుట్టూ ఉన్నదంతా పార్కు కాదని. విలియం పెన్ మాట్ అనే ఆయన 1962లో ఈ సంస్థకి మేనేజరయ్యాడు. తర్వాత అమెరికా జాతీయ పార్కుల సంస్థకే అధిపతి అయినవాడు. ఆయన హయాంలో, 1964లో, కాంట్రా కోస్టాలో ఎక్కువ భాగం ఓటు వేసి లోపలికొచ్చింది. తూర్పు కొస ఇంకా కొన్నాళ్ళు బయటే ఉండి 1981లో చేరింది. లివర్‌మోర్ ప్రాంతం 1992లో. మా అమ్మాయి ఉండే ఫ్రీమాంట్ వైపు ఊళ్ళు 1950ల్లోనే వచ్చేశాయి. ఎవరినీ బలవంతంగా కలపలేదు.

ఇదంతా వినడానికి తియ్యగా ఉంది కానీ ఒక చేదు ముక్క కూడా చెప్పాలి. పన్ను కొండ మీద మేడకీ, పల్లంలో రైలు పట్టాల పక్క ఇంటికీ ఒకే రేటు. పార్కు మాత్రం కొండ మీదే. కారు లేనివాడికి ఆ పార్కు పటంలో ఉన్నట్టే. పశ్చిమ ఓక్లాండ్‌లో కార్మికుడు ఎన్నేళ్ళు ఆ సెంట్లు కట్టి ఉంటాడో, ఎన్నిసార్లు టిల్డెన్‌కి వెళ్ళి ఉంటాడో! ఆ లోటు సరిదిద్దడం మొదలయింది చాలా ఆలస్యంగా, పల్లపు పేటలకి దగ్గరగా సముద్రపు ఒడ్డున పార్కులు పెట్టడం మొదలుపెట్టాక. ఓక్లాండ్‌లో మార్టిన్ లూథర్ కింగ్ పేరు పెట్టిన తీరం అలాంటిదే.

ఇంకో దెబ్బ 1978లో తగిలింది. ప్రొపొజిషన్ 13 అని, ఆస్తిపన్ను ఆస్తి విలువలో ఒక శాతం దాటకూడదని జనమే ఓటు వేశారు. ఆస్తిపన్ను మీద బతికే సంస్థకి అంతకంటే ఏం కావాలి! తేరుకోవడానికి పదేళ్ళు పట్టింది. 1988లో 22.5 కోట్ల డాలర్ల బాండ్లకి జనాన్ని అడిగారు. మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. ఒప్పుకున్నారు. 2008లో 50 కోట్ల డాలర్లకి మళ్ళీ అడిగారు. 2008 నవంబరు అంటే బ్యాంకులు కూలుతున్న రోజులు. మళ్ళీ దాదాపు 72 శాతం. 1934లోనూ ఇంచుమించు అంతే అని చెప్పాను కదా. ఆ అంకె చూసి నేను కాసేపు అలా ఉండిపోయాను.

ఆ 50 కోట్లలో నాలుగో వంతు, అంటే 12.5 కోట్లు, ఆయా ఊళ్ళకీ స్థానిక పార్కు సంస్థలకీ తిరిగి ఇచ్చారు, మీ ఊరి పార్కులు మీరు బాగుచేసుకోండని. ఊళ్ళు ఎందుకు తోడు నిలుస్తాయంటే ఇదీ ఒక కారణం. ఉత్త ఔదార్యం అనుకోకండి, లెక్క కూడా ఉంది అందులో. ఇప్పుడా సంస్థ చేతిలో రెండు కౌంటీల్లో 70కి పైగా పార్కులు, లక్షా ఇరవై వేల ఎకరాలకు పైగా భూమి ఉన్నాయి.

నేను తిరిగి వచ్చేముందు ఒకసారి టిల్డెన్‌కి తీసుకెళ్ళమన్నాను మా అల్లుణ్ణి. 1911లో చేసిన రంగులరాట్నం ఒకటుంది అక్కడ, కర్ర గుర్రాలు. మా మనవరాలు గుర్రం వద్దని కప్ప మీద ఎక్కింది. నేను గట్టు మీదికి నడిచి అటూ ఇటూ చూశాను. ఇటు ఓటు వేసిన ఊళ్ళు, అటు ముప్పై ఏళ్ళు ఆలోచించిన కౌంటీ. మధ్యలో గీత ఎక్కడుందో వెతికాను. గడ్డి తప్ప ఏమీ కనిపించలేదు.

బోస్టన్ వాటాల పేచీ గురించి ఇందాక ఒక్క ముక్కలో దాటేశాను కదా, అది వచ్చే ఎపిసోడ్‌లో వివరంగా చెప్తాను. ఉంటానండి, నమస్కారం.